ఆదివారం పూట ఇస్త్రీ

మేడ్చల్‌లో మా కాలనీ అప్పుడు సగం ఖాళీ ప్లాట్లు, సగం ఇళ్ళు. మావారు జీడిమెట్లలో ఓ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై రెండేళ్ళయింది. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆయన చొక్కా ఒక్కనాడూ ఇస్త్రీబండికి పంపలేదు, నేనే చేసేదాన్ని. కాలరు నలిగితే నా ప్రాణం ఊరుకోదు. ఈ జబ్బు నాదే, ఆయనది కాదు. ఆయనకు లుంగీ, బనీను ఉంటే చాలు.

ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ గ్లాసు జారవిడిచారు. "కళ్ళెక్కడ పెట్టుకున్నారు? ఇప్పుడే తుడిచి చచ్చాను!" అని కసిరాను. ఆయన తలెత్తారు. మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. "ఈ చెయ్యి నాది కానట్టుందే" అన్నారు, మాట ముద్దముద్దగా.

పక్కింటికి పరిగెత్తాను. వాళ్ళు క్రైస్తవులు, ఆ ఇంటాయన వ్యాను నడుపుతాడు. పిల్లలతో సహా తెల్లబట్టలు వేసుకుని చర్చికి బయలుదేరి వ్యాన్‌లో కూర్చుని ఉన్నారు. నా మాట పూర్తి కాకముందే ఆయన పిల్లల్ని దింపేశాడు. "సారును జల్దీ తీస్కరా అమ్మా, నేను బండి తిప్పుత" అన్నాడు.

ఇంట్లోకొచ్చి మావారిని చూశాను. చిరుగు బనీను, కాఫీ మరకల లుంగీ. మా నాన్నగారు గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు మా ఊరి పెద్దాస్పత్రిలో చినిగిన బనీనుతో బల్లమీద పడుకున్న ఆయన్ని పలకరించిన దిక్కు లేదు. మా తర్వాత వచ్చిన ప్యాంటూ చొక్కా వాళ్ళను ముందు లోపలికి పిలిచారు. బట్టలు బాగుంటేనే డాక్టరు మనిషి మొహం చూస్తాడని ఆనాడే నాలో నాటుకుపోయింది.

బీరువాలోంచి చారల చొక్కా తీశాను. ఉతికిందే గాని ఇస్త్రీ లేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాను.

"ఇలాగే పోదాం పదవే" అన్నారాయన.

"ఊరుకోండి, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? రెండే నిమిషాలు."

"పోదాం" అన్నారు మళ్ళీ.

ఆ రోజు కరెంటు మరీ డల్లుగా ఉంది. పెట్టె ఎంతకీ కాగదు. నీళ్ళు చిలకరించి కాలరు రుద్దాను, తర్వాత చేతులు రుద్దాను. బయట హారను మోగుతూనే ఉంది. చివరికి పక్కింటావిడే లోపలికొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఏందక్కా గిది! సారు గట్లుంటే నువ్వు ఇస్తిరి జేస్తున్నవా?"

చెప్పడానికి సిగ్గేస్తోంది, నాకు కోపమొచ్చింది. మల్లెపువ్వులా తయారై చర్చికి పోయేదానివి, నీకేం తెలుసులే అనుకున్నాను. ఆయనకు బొత్తాలు పెట్టేసరికి మాట పడిపోయింది.

కండ్లకోయ దాటి, లారీలను తప్పించుకుంటూ సికింద్రాబాదు వైపు ఓ ఆస్పత్రికి చేరాం. స్ట్రెచరు మీద పడుకోబెట్టగానే నర్సు కత్తెర తీసి చొక్కాను కాలరు దగ్గర్నుంచి కిందిదాకా కత్తిరించేసింది. రెండు ముక్కలూ తీసి నా చేతిలో పెట్టింది. ఇంకా కొంచెం వెచ్చగా ఉన్నట్టే అనిపించింది నాకు.

"ఎప్పుడు మొదలైందమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఇప్పుడే బాబూ. చూసీ చూడగానే తెచ్చేశాం."

పక్కింటాయన నావైపు చూసి తల దించుకున్నాడు. ఆయన గాని, ఆయన భార్య గాని ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. చాలా రోజుల తర్వాత ఇంకో డాక్టర్ని, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను, అరగంట ముందు తెస్తే మాట మిగిలేదా అని. "చెప్పలేమమ్మా" అన్నాడు. ఆ చెప్పలేమన్న మాటే ఇప్పటికీ నన్ను పీక్కు తింటోంది.

మావారు మూడేళ్ళు బతికారు. ఒక్క మాట తిరిగి వచ్చింది, ఒకే ఒక్కటి. పోదాం. నీళ్ళు కావాలన్నా పోదాం, ఫ్యాను వెయ్యాలన్నా పోదాం, ఒళ్ళు నొప్పెడితే పోదాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వుతూ "ఎక్కడికి సారూ?" అనేవారు. ఎక్కడికో నాకు తెలుసు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడేదాన్ని.

ఆయన పోయిన రోజు, స్నానం చేయించాక ఎవరో అన్నారు, "మంచి చొక్కా ఉంటే ఇవ్వమ్మా, వేద్దాం." ఇంకెవరో ఇస్త్రీపెట్టె ఎక్కడుందని అడిగారు.

ఎక్కడ లేని కోపం వచ్చేసింది నాకు. "ఏమీ వద్దు! ఇలాగే తీసుకెళ్ళండి" అని అరిచాను. దుఃఖంలో అంటోందిలే అనుకున్నారు అందరూ. పక్కింటావిడ ఒక్కతే దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.