మామ చెయ్యి పడ్డ బండి

మా మేనమామ పోయారని ఆఫీసు లిఫ్టులో ఉండగా తెలిసింది. నా కారు అప్పటికి ఆయన షెడ్డులోనే ఉంది. ముందు రోజు సాయంత్రమే అప్పజెప్పి వచ్చాను. బానెట్ ఎత్తి పైపైన తడిమి చూసి, "రేపు మంచిగ చూస్త, ఫికర్ చెయ్యకు" అన్నారు. తెల్లారి పళ్లు తోముకుంటూ కూలబడ్డారట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

చందానగర్ మార్కెట్ వెనక ఆయనది కార్ల ఏసీ షెడ్డు. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఉడికిపోయిన నాలాంటి వాళ్లంతా చివరికి అక్కడ తేలేవాళ్లం. "ఆఫీసుల చలిపెడుతదని స్వెటర్లేసుకుంటరు, బండ్ల చల్లగాలి రాదని పరేషానైతరు. మీ బాధేందో నాకు సమజైతలేదు" అని ఏడిపించేవారు. ఊరికే గ్యాస్ నింపి పంపమంటే మాత్రం నవ్వు ఆగిపోయేది. "నింపుడు పని గాదు బిడ్డా. యాడికెల్లి పోతున్నదో చూసుడు పని."

ఆ చూడటమంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. గ్యాస్‌తో పాటు ఒక రంగు మందు ఎక్కించి కొన్నాళ్లు బండి తిప్పమనేవారు. గ్యాస్ కారే చోట రంగు కూడా బయటికొస్తుంది కానీ మామూలు వెలుతురులో కనపడదు. అందుకని పట్టపగలే షట్టర్ దించేవారు. బయట మార్కెట్ గోల, లోపల కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. అత్త నీలం టార్చి పట్టుకునేది. మామ పసుపు కళ్లద్దాలు పెట్టుకుని వంగేవారు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఏదో పైపు కీలు దగ్గర పచ్చటి చుక్క కన్ను తెరిచినట్టు వెలిగేది.

ఆయన చేతి తొడుగులు వేసుకునేవారు కాదు. రంగంటిన వేళ్లతోనే అన్నీ ముట్టుకునేవారు. తర్వాత ఏది లీకో, ఏది తన వేలి ముద్రో తెలియక తనను తానే తిట్టుకుంటూ అన్నీ తుడిచి మళ్లీ మొదలుపెట్టేవారు.

దినాలయ్యాక అత్తా నేనూ షెడ్డు తీశాం. నా బండిలో రంగు మందు నెల కిందటే మామ ఎక్కించి ఉన్నారు. పక్క దుకాణం ఆయన గ్యాస్ నింపి ఇచ్చేస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"మీ మామ చెయ్యి పడ్డ బండి. లీకు దొరకకుంట ఎట్ల పంపుత?"

షట్టర్ దించి టార్చి వేసింది.

బానెట్ కింద ఎక్కడ చూసినా ఆయన వేళ్లే. అంచు మీద ఐదూ, బ్యాటరీ మీద బొటనవేలు, పైపుల వెంట వరసగా. ఇప్పుడే చెయ్యి తీసినట్టు పచ్చగా మెరుస్తున్నాయి. మా ఇద్దరి మధ్య ఇంకెవరో వంగి చూస్తున్నట్టే ఉంది.

"ఇవి తుడువకుంటె లీకు కానరాదు గద అత్తా" అన్నాను. వదిలేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయనవి ఇంకెక్కడ మిగిలాయి ఇలా?

"ఆయినె ఉంటె తుడుస్తుండె" అని అత్త టార్చి నా చేతికిచ్చి గుడ్డ అందుకుంది. ఒక్కో వేలూ తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు.

షట్టర్ ఎత్తి, కాసేపు ఇంజిన్, ఏసీ నడిపి, ఆపి, మళ్లీ చీకటి చేశాం. పైపు కీలు కింద కొత్త చుక్క మెల్లగా ఊరుతోంది.

"దొరికింది."

ఎప్పుడూ మామ అనే మాట అది. ఈసారి అన్నది అత్తేనని తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టింది.

"రబ్బరు రింగు అరిగింది. మారిస్తె అయిపాయె" అంటూ ఆమె షట్టర్ వైపు నడిచింది. నా చేతిలో టార్చి వెలుగు ఆమె వీపు మీద పడింది.

భుజం మీద నాలుగు వేళ్లు, పచ్చగా.

షెడ్డుకు ఎప్పుడూ కట్టే పాత చీర అది. టార్చి అటు జరుపు, ఇటు జరుపు అని చెప్పడానికి అలా పట్టుకునేవారేమో. ఆ చీకట్లో నేనెన్నడూ చూడలేదు.

"జర ఆగత్తా, అప్పుడే షట్టర్ ఎత్తకు" అన్నాను.

ఎందుకని ఆమె అడగలేదు. ఆ భుజం కాస్త వంచి, అటే తిరిగి నిలబడింది.