ఇంకో వారం ఆగమన్నాను

నా స్నేహితురాలి మీద నాకు అసూయ మొదలైంది వాళ్ల క్లబ్బు వైద్యం గదిలో. ఒక శుక్రవారం మా ఫుట్‌బాల్ జట్టు వాళ్ల ఊరికి ఆడటానికి వెళ్లింది. ఆటకి ఇంకా గంటన్నర టైముంది. తను గేటు దాకా ఎదురొచ్చి, "రావే, నా రూము జూపిస్త" అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

లోపల నాలుగు బల్లలున్నాయి, మీట నొక్కితే పైకీ కిందికీ కదిలేవి. గోడవారన మనిషి నడుం దాకా మునిగే చల్లనీళ్ల తొట్లు రెండు. తొడ కండరంలో బలం ఎంతుందో కొలిచే యంత్రం ఒకటి. దాన్ని నేను మాస్టర్స్ చేసేటప్పుడు యూనివర్సిటీ ల్యాబులో చూడటమే, మళ్లీ ఎక్కడా చూడలేదు.

"అన్నీ ఈ సంవత్సరం కొన్నవేనా?" అనడిగాను.

"అవునే. ఓనరును ఏదడిగితే అది తెచ్చిస్తడు. ఇంక ఏం గావాల్నో నాకే తోస్తలేదు."

"బాగుంది" అన్నాను.

మా క్లబ్బులో నాకిచ్చింది ఒకప్పటి స్టోరు గది. మడతపెట్టే బల్ల ఒక్కటే. ఐస్ కావాలంటే పక్క వీధిలో చేపలూ చిప్సూ అమ్మే కొట్టుకి బకెట్టు పట్టుకెళ్లి అడుక్కోవాలి.

మేమిద్దరం ఫిజియోథెరపిస్టులం. నాది ఒంగోలు, తనది కరీంనగర్ వైపు. డబ్లిన్‌లో చదువుకునే రోజుల్లో ఆ సిటీ శివారు స్వోర్డ్స్‌లో ఒకే గది అద్దెకు తీసుకుని ఉన్నాం. సిటీకి వెళ్లే బస్సులో పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని ఒకళ్ల నోట్సు ఒకళ్లం అప్పజెప్పుకునేవాళ్లం. నిజానికి తను నా నోట్సే చదివేది. మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి. ఇది ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు, కానీ ఆ రోజుల్లో రోజుకి పదిసార్లు నాకు నేను చెప్పుకున్న మాట ఇదే, కాబట్టి రాస్తున్నాను.

చదువయ్యాక నాకు డబ్లిన్‌కి దగ్గర్లోని నేస్ అనే ఊళ్లో ఒక క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. పెళ్లయి, పాప పుట్టి, అక్కడే స్థిరపడ్డాను. మంగళవారం, గురువారం సాయంత్రాలు, ఆట ఉన్న శుక్రవారాలు కారేసుకుని అరగంట దూరంలో ఉన్న రెండో డివిజన్ క్లబ్బుకి వెళ్లేదాన్ని. పెట్రోలు పోను పెద్దగా మిగిలేది కాదు. అయినా ఆ పని నాకు ప్రాణం. తను చదువయ్యాక ఇండియా వెళ్లిపోయి కొన్నేళ్లకి తిరిగొచ్చింది; ఇక్కడ ఫిజియోగా పనిచేయడానికి కావలసిన రిజిస్ట్రేషన్ అప్పటికింకా రాక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లని చూసుకునే కేరర్‌గా చేస్తోంది. చెయ్యి మొద్దుబారిపోతోందని బాధపడుతుంటే నేనే క్లబ్బుకి తీసుకెళ్లాను. చీలమండకి టేపు ఎలా చుట్టాలో, మైదానంలో పడిపోయిన మనిషి దగ్గరికి పరిగెత్తి వెళ్లి మొదట ఏమడగాలో నేనే నేర్పాను. ఫుట్‌బాల్‌లో ఓనమాల్లాంటి ఆఫ్‌సైడ్ రూలు అంటే ఏంటని మొదటి రోజు అడిగింది. అలాంటి మనిషి.

ఆ తర్వాత ఏడాదే ఒక డబ్బున్నాయన ఇంకో క్లబ్బు కొన్నాడు. మా డివిజన్‌లోదే. మా క్లబ్బు చైర్మన్ ఆ వార్త విని ఏమాత్రం కంగారు పడలేదు. ఆయనకి ఊళ్లో ఇనప సామాన్ల కొట్టు ఉంది, పెద్దమనిషి. ట్రైనింగ్ అయ్యాక అందరికీ టీ తనే కలిపి ఇస్తాడు. ఆ రోజు టీ ఇస్తూ నాకు లీగ్ రూలు వివరించాడు.

"క్లబ్బు సంపాదించే దాంట్లో కొంత భాగమే ఆటగాళ్ల జీతాలకి వాడాలి. ఓనరు జేబులోంచి ఎంత తీసినా ఆ హద్దు దాటడానికి వీల్లేదు. వాళ్ల ఆటలకి జనం ఎంతమంది వస్తారు? మన దగ్గరికొచ్చినంత మందే. కాబట్టి వాళ్లిచ్చే జీతాలూ మనలాగే ఉంటాయి. ఈ రూలున్నన్నాళ్లూ మనకేం కాదు."

"మరి జీతాలు కాకుండా మిగతావి?" అన్నాను.

"మిగతావి రూలు పట్టించుకోదులే. కానీ గోల్స్ కొట్టేది ఆటగాళ్లు కదా" అని నవ్వాడు.

ఆ డబ్బంతా మిగతావాటిలోకే ప్రవహించింది. మైదానంలో కొత్త పచ్చిక వేశారు. జిమ్ కట్టారు. ఆటగాళ్లకి పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ పెట్టడం మొదలుపెట్టారు. ఫుల్‌టైమ్ ఫిజియో కావాలని ప్రకటన ఇచ్చారు. మా డివిజన్‌లో ఫుల్‌టైమ్ ఫిజియో అనే మాట వినడం నాకదే మొదటిసారి. అప్పటికి రిజిస్ట్రేషన్ వచ్చేసిన తను ఆ ప్రకటన పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అప్లికేషన్ నువ్వెయ్యే, నీకే వస్తది" అంది. ఇలాంటి ఓనర్లు రెండేళ్లు ఉంటారో లేదో, నేను క్లినిక్ వదులుకోను అన్నాను. "అయితే నేనెయ్యన్నా?" అంది. "వెయ్యి" అన్నాను. ఆ పోస్టుకి తను రాసిన దరఖాస్తుని దగ్గర కూర్చుని సరిదిద్దింది కూడా నేనే.

తనకే వచ్చింది. అందుకే ఆ శుక్రవారం నన్నా గదికి తీసుకెళ్లి చూపించింది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. కానీ మర్నాటి నుంచి తన వాట్సాప్ స్టేటస్ చూడటం ఒక జబ్బులా పట్టుకుంది. పచ్చికలో ఆటగాళ్లతో నవ్వుతున్న ఫొటో. తన పేరు కుట్టిన జాకెట్. స్పెయిన్‌లో ట్రైనింగ్ క్యాంపు. ఒక్కోటి రెండు మూడుసార్లు చూసేదాన్ని. ఎవరైనా తన గురించి అడిగితే, "ఆఁ, నేనే నేర్పించాను" అనేదాన్ని, అడక్కపోయినా. ఒకసారి అలా అన్నప్పుడు మా అమ్మాయి టోస్టు తింటూ, "మమ్మీ, యు ఆర్ ఫెయిర్లీ జెలస్ లైక్" అంది. ఇక్కడి యాస పట్టుబడిన పదకొండేళ్ల పిల్ల. నేను కోప్పడ్డాను.

జూన్‌లో మాకు గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌కి తొడ వెనక కండరం చిట్లింది. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. పగలు పోస్ట్‌మన్ ఉద్యోగం, సాయంత్రం ఫుట్‌బాల్. ఊరంతా నడిచి ఉత్తరాలు పంచేవాడికి ఆ కండరం చిట్లితే ఎంత ఇబ్బందో చూడండి. ఐదు వారాలు నా దగ్గరికి వచ్చాడు. ఒక్క వ్యాయామం మానలేదు. నాలుగో వారంలో అనుకుంటాను, బల్ల మీద బోర్లా పడుకుని, "ఎవరికీ చెప్పకు. ఆ క్లబ్బు వాళ్లు నన్ను అడుగుతున్నారు" అన్నాడు.

"ఎంతిస్తారట?"

"డబ్బులో పెద్ద తేడా లేదు. రూలు ఉందిగా. అందుకోసం కాదు." తల పక్కకి తిప్పి అన్నాడు, "అక్కడ రోజూ ఫిజియో ఉంటుంది. నాకు మహా అయితే ఇంకో ఐదేళ్ల ఆట ఉంది. అక్కడైతే ఈ కాలు నిలబడుతుంది."

నా చేతులు అతని తొడ మీదే ఉన్నాయి. అతను నన్ను నొప్పించాలని అన్లేదు. ఉన్నమాటే అన్నాడు. కానీ నాకు వినపడింది వేరు: నీకన్నా ఆవిడ మేలు.

ఆ క్లబ్బు కోచ్ అతన్ని మళ్లీ మైదానంలో చూశాకే సంతకం పెట్టిస్తానన్నాడట. జూలై ఆఖరుకి ఆటగాళ్లు క్లబ్బు మారే గడువు ముగిసిపోతుంది. మధ్యలో మాకున్నది ఒక్క శుక్రవారం. ఆ కోచ్ ఆ ఆట చూడటానికి వస్తున్నాడని అతనే చెప్పాడు.

గురువారం సాయంత్రం పరీక్షలన్నీ చేశాను. రెండు కాళ్ల బలం సమానంగా ఉంది. పూర్తి వేగంతో ఆరుసార్లు పరిగెత్తాడు, ఎక్కడా పట్టెయ్యలేదు. "గ్రాండ్, బాగైపోయింది కదా?" అన్నాడు బూట్లు విప్పుకుంటూ, పిల్లాడిలా. మా మేనేజరు తలుపు దగ్గర నిలబడి నావైపు చూస్తున్నాడు.

"ఇంకో వారం ఆగితే మంచిది" అన్నాను.

అది అబద్ధం. అలా అంటానని ఆ క్షణం దాకా నాకూ తెలియదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు. మేనేజరు తలూపి వెళ్లిపోయాడు. కండరాల గాయాల విషయంలో ఫిజియో మాటే ఆఖరి మాట.

మర్నాడు అతను కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం ఎనిమిదైనా మైదానం మీద ఎండ పరుచుకునే ఉంది. ఎదురు స్టాండులో ఆ కోచ్ మధ్యలోనే లేచి వెళ్లిపోవడం నేనూ చూశాను, అతనూ చూశాడు. తర్వాతి వారం వాళ్లు వేరే ఫార్వర్డ్‌ని తీసుకున్నారు. దాంతో జీతాల హద్దు నిండిపోయింది. ఇంకో మనిషికి చోటు లేదు.

మా చైర్మన్ ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా, రూలు మనల్ని కాపాడింది!" అంటూ నాకు టీతో పాటు కేకు ముక్క కూడా ఇచ్చాడు. ఆ ముక్క చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

ఆదివారం నా స్నేహితురాలు ఫోన్ చేసింది.

"పాపం ఆ పిలగాడు. నేను మా కోచ్‌తోని కొట్లాడిన తెలుసా? వాని కాలు మంచిగయితది, వాన్ని జూస్తున్నది మామూలు మనిషి కాదు, నాకు పని నేర్పినామె అని జెప్పిన. ఆమె ఫిట్ అంటే కళ్లు మూసుకుని తీస్కోవచ్చన్న. నువ్వు ఇంకో వారం అన్నవని తెలిసినంక, అయితే ఆగాల్సిందే అని నేనే అన్న. నీ మాటంటే మాటే గద."

నేను పాప పిలుస్తోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాప పక్క గదిలో టీవీ చూస్తోంది.

ఆ తర్వాత మూడు వారాలు అతను మాకు బాగా ఆడాడు. గోల్ కొట్టినప్పుడల్లా అందరూ ఎగిరారు, నేను తప్ప. మూడో వారం గురువారం, కాలికి టేపు వేయించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పేశాను.

"ఆ రోజు నువ్వు ఆడగలిగేవాడివి. నేను అబద్ధం చెప్పాను."

అతను నా మొహంలోకి చూశాడు. "ఎందుకు?"

"అసూయ."

"నా మీదా?"

"కాదు. అక్కడి ఫిజియో మీద."

అతను సాక్సు పైకి లాక్కుని, టేపు చుట్ట నా చేతిలోంచి తీసుకుని, "నేనే వేసుకుంటాను" అన్నాడు. సీజన్ అయ్యేదాకా తనే వేసుకున్నాడు. వంకరగా వేసుకునేవాడు. సరిచేస్తానని అడిగే హక్కు నాకు లేదు.

మేనేజరుకీ చైర్మన్‌కీ చెప్పి, మానేస్తానన్నాను. చైర్మన్ చాలాసేపు కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. "మానేస్తే నాకింకొకరు దొరకరు. మాకున్న దానికి ఎవరొస్తారు?" అన్నాడు చివరికి. ఆడొచ్చా లేదా అన్నది ఇకమీదట నా ఒక్కదాని మాట మీద ఉండదన్నారు. ఊళ్లో డాక్టరు కూడా చూడాలి. కేకు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. సీజన్ చివర పోస్ట్‌మన్ మా డివిజన్‌లోనే ఇంకో క్లబ్బుకి వెళ్లిపోయాడు. మాలాంటి బీద క్లబ్బే.

నా స్నేహితురాలికి చెప్పడానికి మాత్రం కారేసుకుని వెళ్లాను. వాళ్ల మైదానం బయట పార్కింగులో చెప్పాను. తను తిడుతుందనుకున్నాను. మొహం చిన్నబోయింది.

"నన్ను జూసి కుళ్లుకుంటివి. సరే. నన్ను తిట్టకపోయినవా? నాతోని మాట్లాడుడు బంద్ జేయకపోయినవా? ఆ పిలగాడు ఏం జేసిండే నీకు?"

తను లోపలికెళ్లిపోయింది.

నాలుగు నెలలు మాటల్లేవు. వాళ్ల క్లబ్బు ఆ ఏడాది పై డివిజన్‌కి వెళ్లింది. కాగితం ముక్కల వానలో తను గంతులేస్తున్న ఫొటో చూశాను. సిగ్గు మిగిలినా అసూయ చచ్చిపోతుందనుకున్నాను. చావలేదు. ఈసారి ఫోన్ పక్కన పెట్టి వెళ్లి అంట్లు తోమాను. నేను చెయ్యగలిగింది అంతే.

జనవరిలో మా డిఫెండర్ ఒకతను వాళ్ల క్లబ్బుకి మారుతుంటే తన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నమస్తే లేదు, ఏమే లేదు. "అతని మడమ సంగతి రాసి పంపు." అతని అనుమతి తీసుకుని, ఏడాది పొడుగునా రాసుకున్న కొలతలన్నీ, డాక్టరు సంతకంతో సహా, పేజీ పేజీ ఫొటో తీసి పంపాను. నా అభిప్రాయం ఒక్క ముక్క కూడా రాయలేదు.

"చేరినయ్" అని వచ్చింది.

గంట తర్వాత ఇంకోటి. "బిడ్డ ఎట్లున్నది?"

ఏం రాయాలో ఆలోచిస్తూ వంటింట్లో నిలబడ్డాను. కొత్త స్కూలు గురించీ, పాప తెలుగులో అడిగిన దానికి ఇంగ్లీషులోనే జవాబు చెప్పడం గురించీ రాశాను. మళ్లీ చదువుకుని, అక్షరం తప్పు ఒకటి దిద్ది, పంపాను.