అమెరికా కారూ, మా బావా

ఆ కారు కొనమన్నది మా అక్క. కారంటే ఆవిడకి మోజేమీ లేదు, అమెరికా ఎటువైపు ఉందో కూడా తెలీదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం వాళ్ల ఊరు ఖాళీ చేశాక మా బావ గాజువాక పక్కన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కట్టుకుని, ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. అంతే, ఇంక లేవలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎడ్ల వెనక నడిచిన మనిషి. పలకరిస్తే తల ఊపేవాడు, అన్నం పెడితే తినేవాడు.

ఓసారి అతన్ని బలవంతాన నాతో టౌనుకి తీసుకెళ్లాను. నేను పోర్టులో గుమస్తాని. ఆఫీసు నుంచి పాతనగరం వీధుల్లో వస్తుంటే ఒక పాడుబడ్డ బంగళా పక్క షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టిన పెద్ద కారు కనిపించింది. చక్రాల్లేవు. లోపల కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. బావ ఆగిపోయాడు. చుట్టూ తిరిగాడు, బానెట్ మీద అరచెయ్యి వేసి నిమిరాడు, వంగి కిందకి చూశాడు. సంతలో ఎద్దుని బేరమాడే ముందు అచ్చం అలాగే చూసేవాడు. అది అమెరికా కారని బంగళా కాపలాదారు చెప్పాడు. అంతకు మించి అతనికీ తెలీదు, నాకూ తెలీదు.

ఈ సంగతి అక్కకి చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“కొనీ తమ్ముడా. ఆ మడిసి సేతికి ఏదో పని తగలకపోతే నాకు దక్కడు,” అంది.

అప్పటికి నాకు సైకిల్ చైను ఊడితే తగిలించుకోవడం కూడా రాదు. అయినా కొన్నాం. లారీ మీద వేసి తెచ్చి, బావ ఇంటి పక్కన తాటాకు పాక వేసి అందులో దించాం. చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ తలో అభిప్రాయం ఉంది. డీజిలుదని ఒకరు, పెట్రోలుదని ఒకరు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే నా స్నేహితుడు సాయం వచ్చాడు గానీ అతని పానాలు ఒక్కటీ ఆ బోల్టులకి సరిగ్గా కూర్చోలేదు. ఒకటి వదులు, ఇంకొకటి పట్టదు. ఆ దేశపు కొలతలు అంగుళాల్లో ఉంటాయని వాడు చెబితే, బోల్టుకి కూడా దేశం ఉంటుందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

బావ మాత్రం అరుగు దిగాడు. పొద్దున్నే లేచి పాకలోకి వెళ్లేవాడు. విప్పిందల్లా గోనెపట్టా మీద వరసగా పేర్చేవాడు. పాక చిన్నది కావడంతో విప్పిన సామాను చుట్టాల ఇళ్లకి చేర్చాం. అదే మేం చేసిన తెలివితక్కువ పని. మా వాళ్ల ఇంట్లో వస్తువు ఊరికే పడి ఉండదు. వెనక సీటు మా పెదనాన్న మనవరాలి పెళ్లిలో వధూవరుల ఆసనం అయ్యింది. పసుపు మరకలతో సహా తిరిగొచ్చింది. డిక్కీ మూత మీద ఒకావిడ వడియాలు పెట్టుకుంది. వెనక్కి అడిగితే, ఎండాకాలం పోయాక ఇస్తానంది. ఏ ముక్క ఎవరింట్లో ఉందో గుర్తుపెట్టుకోలేక నా మతి పోయింది.

ఈలోగా అక్క సింహాద్రి అప్పన్న దగ్గర బండికి పూజ చేయించాలని పట్టుబట్టింది. కొత్త బండి కొన్న ఎవరైనా కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గరికి తీసుకెళ్లి కొబ్బరికాయ కొట్టించాలి కదా. బండి కదలదే అన్నాను. కదిలేది తీసుకెళ్లమంది. చివరికి బావా నేనూ స్టీరింగు ఒక్కటీ ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, సిటీ బస్సులో వెళ్లాం. పూజారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిగతాది ఏదీ అని అడిగాడు. ఇంటి దగ్గర ఉందని బావ చెప్పాడు. ఆయన ఇంకేమీ అడగకుండా కుంకుమబొట్టు పెట్టి హారతి ఇచ్చాడు. తిరుగు బస్సులో బావ స్టీరింగు ఒళ్లో పెట్టుకుని కొంచెం నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చక్రాలూ, అంగుళాల పానాలూ పాతసామాన్ల కొట్లలో వెతికి తెచ్చి, చుట్టాల ఇళ్ల నుంచి ముక్కలన్నీ పోగేసేసరికి ఎన్ని నెలలు పట్టిందో చెప్పలేను గానీ, ఒక శనివారం సాయంత్రం ఆ కారు స్టార్టయ్యింది. పాక అంతా పొగ. అక్క గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంది. నా ఫిట్టరు స్నేహితుడి దగ్గర నడపడం నేర్చుకున్న బావ స్టీరింగు దగ్గర, నేను పక్కన కూర్చున్నాం. మెయిన్ రోడ్డు ఎక్కాక టౌను వైపు తిప్పమన్నాను. అతను రెండోవైపు తిప్పాడు. కొంతదూరం పోయాక, ఫ్యాక్టరీ ప్రహరీ కడుతున్న చోట ఆపేసి, ఇంజన్ కట్టేసి, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఏదో చెడిపోయిందనుకున్నాను. ఏమైంది బావా అంటే, స్టార్ట్ చేసి ఇంటికి తెచ్చేశాడు. బండి భేషుగ్గా ఉంది, ఇతనికేమైందో తెలీలేదు.

మర్నాడు అందరం కొండకి వెళ్లాలనుకున్నాం. ఈసారి కారు మొత్తంగా. తెల్లవారి నేను వెళ్లేసరికి అక్క పట్టుచీర కట్టుకుని తయారుగా ఉంది. పాకలో బానెట్ లేపి ఉంది. ఇంజన్ సగం గోనెపట్టా మీద ఉంది. బావ వంగి ఇంకో బోల్టు విప్పుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్ని ఇళ్లు తిరిగాను, ఎంతమందిని బతిమాలాను. బుద్ధి ఉందా బావా అని అరిచాను. నిన్న బాగానే నడిచింది కదా, మళ్లీ ఎందుకు విప్పావని అడిగాను.

బావ పానా కింద పెట్టాడు. మా వైపు బావా బావమరుదులిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

“బండి బాగయిపోనాది బావా,” అన్నాడు. “అదే బయం. సీట్లో కూకుంటే సేతులు మా ఊరేపే తిప్పుతన్నాయి. ఆడ ఊరు నేదు గదా. ఇంక నానెక్కడికెల్లాల?”

నా కోపం ఎటు పోయిందో తెలీలేదు. ఇంతకాలం బండి నడిస్తే చాలు, మనిషి దారిలో పడతాడనుకున్నాను.

అక్క ఎప్పుడొచ్చిందో, మా వెనకే నిలబడి ఉంది. అతను అన్నదంతా విన్నట్టుంది. ఏడుస్తుందనుకున్నాను. పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, తలుపు తీసి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

“ఇప్పీ. మల్లీ బిగించు. మల్లీ ఇప్పీ,” అంది. “నాను ఈడే కూకుంటాను.”

మధ్యాహ్నం అన్నాలవేళ దాటినా ఆవిడ దిగలేదు.