వానలో మొక్కలకు నీళ్ళు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా సందుకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. మా అమ్మ కాలువ ఒడ్డు ఊళ్ళో పుట్టిన మనిషి, నీళ్ళ కరువంటే ఏమిటో ఎరగదు. హైదరాబాదు వచ్చాక మాత్రం నీళ్ళని నగల కన్నా భద్రంగా దాచేది. పెరట్లో పెద్ద డ్రమ్ములుండేవి. పాత నీళ్ళ మీదే కొత్త నీళ్ళు పట్టడం తప్ప, వాటిని అడుగంటా ఖాళీ చేసిన పాపాన పోలేదు.

వాటిలో దోమపిల్లలు లుకలుకలాడేవి. ఆ ఏడు తమ్ముడికి చలిజ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ తిరగబెట్టింది. వాడు మాకు దక్కుతాడనుకోలేదు. పక్కింట్లో బట్టలు కుట్టే అత్తే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అత్త అనడం పిలుపుకే. వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు, మేం శనివారం గుడికి.

ఇంకోసారి జ్వరమొస్తే పిల్లాడు తట్టుకోలేడు, డ్రమ్ములు ఖాళీ చెయ్యమని డాక్టరు చెప్పాడు. దోమల మందు కొట్టేవాళ్ళు చెప్పారు. నాన్న కసిరాడు. అమ్మ అందరికీ తలూపేది. తీరా డ్రమ్ము దగ్గరికి వెళ్తే చెయ్యి ఆడేది కాదు. "రేపు కుళాయి రాకపోతేనో?" అనేది. కొడుకు మీద ప్రేమ లేక కాదు, చెంబుడు నీళ్ళు నేలపాలైనా ఆమె ప్రాణం గిలగిల్లాడేది.

అత్త ఒక్కనాడూ పారబొయ్యమనలేదు. ఎండాకాలంలో ఒక రోజు, నల్లా రాకముందే, బకెట్లు పట్టుకుని మా వాకిట్లో నిలబడింది. "వదినా, మా మల్లెచెట్టుకు నీళ్లు సాలుత లేవు. మీ డ్రమ్ముల పాతనీళ్లు జర ఇస్తవా?"

బిడ్డని ఆసుపత్రికి మోసుకెళ్ళిన మనిషి నోరు తెరిచి అడిగితే అమ్మ కాదంటుందా! తనే ముంచి పోసింది. అడుగు కనబడగానే అత్త కొబ్బరిపీచు అందుకుంది. "ఎట్లాగు ఖాళీ అయింది గద, జర రుద్దుదాం పట్టు."

సాయంత్రానికి దోసెడు మల్లెమొగ్గలు మా ఇంటికొచ్చాయి. అమ్మ మాలకట్టి దేవుడికి పెట్టి, మిగిలినవి తలలో తురుముకుంది. అది చూసి ఎదురింటి పిన్నిగారు, "మా నీళ్ళు మీ మొక్కలకి పనికిరావా ఏంటి?" అని అత్తతో నిష్ఠూరమాడింది. ఆ తర్వాత వారం వారం మా సందులో ప్రతి ఇంటి నుంచీ బకెట్లు కదిలాయి. అత్త పెరడంతా కలిపితే మంచం వేసేంత చోటు. అన్ని నీళ్ళు ఎక్కడ పోస్తోందో ఎవరూ అడగలేదు.

వానాకాలం వచ్చింది. ఒకనాడు తెల్లవారినా వాన తెరిపివ్వలేదు. మల్లెచెట్టు మొదలంతా నీళ్ళలో మునిగి ఉంది. అత్త మాత్రం గొడుగు వేసుకుని వచ్చేసింది. "వదినా, మొక్కలకు నీళ్లు."

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. వాన వంక చూసింది, అత్త వంక చూసింది, మంచం మీద ఆడుకుంటున్న తమ్ముడి వంక చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది. కొంగు బిగించి డ్రమ్ము వంచింది. "తీసుకోండి వదినగారూ, పాపం మొక్కలు" అంది. ఆ మాట నాకిప్పటికీ గుర్తే.

తమ్ముడికి మళ్ళీ ఆ జ్వరం రాలేదు. పారబొయ్యమంటే ఒప్పని ప్రాణం, ఇవ్వమంటే ఒప్పుకుంది. అత్త మా అమ్మని చిన్నబుచ్చకుండా ఆమె మంచితనాన్నే సాయమడిగింది. అంత తెలివీ అంత ప్రేమా ఒకే మనిషిలో నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నేనుండేది శ్రీనగర్ కాలనీలో ఒక అపార్ట్‌మెంటులో. పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి, ట్యాంకరు రాదేమోనన్న భయంతో బాల్కనీ నిండా టబ్బుల్లో నీళ్ళు నిలవుంచేది. డెంగీ రోజులు కదా, వాట్సాప్ గ్రూపులో అందరూ ఆ పిల్లని తిట్టిపోస్తుంటే నేను బకెట్టు పట్టుకుని పైకి వెళ్ళడం మొదలుపెట్టాను. నాకున్నది ఒక్క తులసికుండీ.

ఇవాళ పొద్దున్నుంచీ వాన. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుదామని లేచేసరికి తలుపు చప్పుడైంది. ఆ పిల్లే, నిండు బకెట్టుతో నిలబడి ఉంది. బయట వాన వంక చూసి, నా వంక చూసి నవ్వింది.

"తీస్కోండి అమ్మమ్మా, పాపం మీ తులసికి దాహమైతుంటది."

బకెట్టు అందుకుంటుంటే నాకు మా అమ్మ గొంతే వినబడింది.