తాడుకు కట్టిన గుడ్డపీలిక

హిందూపురంలో ఉండే మా అక్కకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పరిగి చిన్నాయనకు కంటి ఆపరేషన్ అయినంక చూపు బాగుండాదా? ధర్మవరంలో మగ్గం నేసే నా మేనకోడలికి నడుము ఎట్లుండాది, చంటిబిడ్డకు దగ్గు పోయిందా? ఇది చదివే తక్కినోళ్ళు, నన్ను ఎరగనోళ్ళు కూడా, మీరంతా ఆరోగ్యంగా ఉండారా? ముందు ఇది అడగకపోతే నాకు చెయ్యి ఆడదు. అందరి గురించీ దిగులు పడేది నా అలవాటు. ఒక్క మనిషి గురించి మాత్రం ఎప్పుడూ దిగులు పడలే. ఆ మనిషే పోయినాడు.

పోయింది మా మరిది, మా ఆయన తమ్ముడు. పెనుకొండ పక్కన ఒక రైతు చేన్లో మా గొర్రెల మంద ఆపింటిమి. పొద్దున్నే టీ తాగినాడు, గ్లాసు కడిగి బోర్లించినాడు, మా టెంపో చక్రానికి ఆనుకోని కూర్చున్నాడు. కునుకు తీస్తాండాడేమో అనుకుంటిమి. ఎండ ముఖం మీదికి వచ్చినా కదల్లే.

మాది గొర్రెల బతుకు. చిలమత్తూరు పక్క మా ఊర్లో మేత అయిపోతే మందను తోలుకోని పెనుకొండ, ధర్మవరం దిక్కు పోతాం. ఎరువు పడతాదని రైతులు వాళ్ళ చేన్లలో మందను పడుకోబెట్టించుకుంటారు. మా ఆయన మందతో నడుస్తాడు. నడవలేని గొర్రెపిల్లలు, బియ్యం, గిన్నెలు, నేను, నా తోడికోడలు టెంపోలో. తోలేది మరిది. ఆ టెంపో వెనక బాడీ మీద ఇనుప పైపులు వంచి, టార్పాలు కప్పి, ఇల్లు మాదిరి చేసినాడు ఆయన. ఏడాదిలో శానా నెలలు మాకు అదే ఇల్లు.

మబ్బు పడితే నాకు ఒకటే దిగులు. గొర్రెపిల్ల తడిసిందంటే తెల్లారేసరికి ముడుచుకోని పోతాది. అందుకని చినుకు పడకముందే గోనెసంచులు సర్దేదాన్ని, బియ్యం మూట ఈడినుంచి ఆడికి, ఆడినుంచి ఈడికి మార్చేదాన్ని. మా ఆయన కసురుకునేవాడు. మరిది ఎప్పుడూ కసురుకోలే. నా భయానికి ఒక పని చూపించినాడు.

ప్రతి ఏడూ వానలకు ముందు బిందెతో నీళ్ళు తీసుకోని టెంపో ఎక్కేవాడు.

"వదినా, లోపల పండుకో."

"ఏంటికప్పా?"

"నేను పైన నీళ్ళు పోస్తా. యాడ పడతాందో నువ్వు చెప్పాల. చుక్క రాకముందే నీకు తెలుస్తాది కదా!"

నేను వెల్లకిల పండుకునేదాన్ని. పైన చెంబుతో నీళ్ళు పోసే చప్పుడు. "పడిందా?" అని కేకేసేవాడు. "పడలే" అంటే నమ్మేవాడు కాదు. "నిజం చెప్పు వదినా, మర్యాదకు చెప్పొద్దు" అనేవాడు. "కాళ్ళకాడ పడిందప్పా!" అని నేను అరిస్తే దిగొచ్చి, ఆ చోట బొగ్గుతో గీత గీసి, మరమ్మతు చేసేవాడు. దూరం నుంచి మా ఆయన, "ఏమబ్బా, మీ వదినకు స్నానం చేపిస్తాండావా?" అనేవాడు. "అవునన్నా, నువ్వు సోపు తెచ్చియ్యి" అనేవాడు ఈయన. నా తోడికోడలు పొయ్యికాడ కూర్చోని నవ్వీ నవ్వీ కండ్లు తుడుచుకునేది.

టెంపో ఆపేటప్పుడు ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టి ఎత్తు చేసేవాడు, నీళ్ళు వెనక్కి పోవాలని. టార్పాలు మీద గుంత పడి నీళ్ళు నిలిస్తే, లోపలినుంచి కట్టెతో మెల్లగా పైకి ఎత్తి దొర్లించేవాడు. పొడిస్తే టార్పాలు చినుగుతాదని కట్టె కొసకు గుడ్డ చుట్టి పెట్టుకున్నాడు.

అన్ని చేసినా ఒక ఏడు లోపలికి నీళ్ళు వచ్చినాయి. టార్పాలుకు బొక్క యాడా లేదు. అతుకుల మీద అతుకులు వేసినాడు. వాన వస్తే మళ్ళీ అదే చోట గొర్రెపిల్లలు తడిసేవి. ఒక దినం మధ్యాన్నం వానలో తలమీద గోనెసంచి వేసుకోని బయట కూర్చున్నాడు, టెంపోనే చూస్తా. "లోపలికి రాప్పా, జ్వరం వస్తాది" అని నేను మొత్తుకుంటాండా. ఉన్నట్టుండి నవ్వినాడు.

"ఇట్లా రా వదినా, దొంగను పట్టినా!"

మేము వంట చేసుకునేదానికి టెంపో వెనకాల పందిరి మాదిరి ఇంకో పట్ట కట్టుకుంటాం. దాని తాడు ఒక కొస తుమ్మచెట్టుకు, ఒక కొస టెంపో పైపుకు. చెట్టు కొస ఎత్తు, టెంపో కొస పల్లం. చెట్టు మీద పడిన వానంతా ఆ తాడెంబడే జారి, ముడి దాటి, పైపెంబడి లోపలికి వస్తాంది. మేమే దోవ కట్టిచ్చి, బొక్క కోసం ఎతుకుతాండాం!

ఆయన తన పాత పంచె కొస చించి, ముడికి మూరెడు ఇవతల తాడుకు కట్టి, కొస వేలాడేసినాడు. తాడు మీద వచ్చే నీళ్ళు ఆ పీలికలోకి దిగి, దాని కొసనుంచి నేలమీదికి కారిపోయినాయి. లోపలికి చుక్క రాలే. "నీళ్ళతో కొట్లాడకూడదు వదినా. ఈడ దిగమ్మా అని చెప్తే చాలు, దిగిపోతాది" అన్నాడు. ఆ పీలిక తాడుకే ఉండిపోయింది. పాతదైతే అదే పంచెలో ఇంకోటి చించేవాడు.

ఆయన పోయినంక కర్మ చేసే పెద్దదినం నాడు ఆయన బట్టలన్నీ మూటగట్టినారు. పోయినోళ్ళ గుడ్డ ఇంట్లో పెట్టుకోరు మాలో. నా తోడికోడలు ఒక్కొక్కటి మడిచి ఇచ్చింది. చుట్టాల్లో ఎవరో ఆ సంగతి తెలిసినోళ్ళు, తాడుకున్నది కూడా ఆయన పంచె ముక్కే కదా అని దాన్నీ విప్పి మూటలో వేసినారు. ఆచారం ప్రకారం చేసినారు, వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ఏడుపుల్లో నేనూ చూసుకోలే.

మొన్న మా ఊర్లోనే వాన వచ్చింది. టెంపో చింతచెట్టు కింద నిలబెట్టి, పందిరి కట్టి, గొర్రెపిల్లల్ని లోపల పెట్టింటిమి. చూసేసరికి లోపల నీళ్ళు. ఒక గొర్రెపిల్ల చచ్చిపోయింది. మరిది కొడుకు బెంగళూరులో బండి తోలేవాడు. నాయన చోట్లో మాతో వస్తానని పని వదులుకోని వచ్చినోడు, ఆ పిల్లను చేతిలో పట్టుకోని నిలబడినాడు.

"వద్దు పెద్దమ్మా. బండీ వద్దు, మందా వద్దు. అమ్మేద్దాం. కురిసే బండిలో మా అమ్మను, నిన్ను కూర్చోబెట్టుకోని నేను తోలలేను."

మా ఆయన మంద దిక్కు తిరిగి నిలబడినాడు. ఆయనకు గొర్రెలు తప్ప ఇంకో పని రాదు. నా తోడికోడలు, "ఆయనుండంగా ఒక్క చుక్క పడలే అక్కా. బండి కూడా ఆయనతోనే పోయింది" అనింది.

పిల్లోడు టార్పాలంతా తడిమి చూసినాడు, బొక్క లేదు. అప్పుడు నాకు వానలో గోనెసంచి వేసుకోని కూర్చున్న మనిషి కంటికి కట్టినాడు. పోయి తాడు చూస్తి. బోడిగా ఉండాది.

మళ్ళీ ఆయన గుడ్డ కట్టేదానికి లేదు. ఇంకెవరి గుడ్డ కట్టొచ్చో, కడితే ఏమవుతాదో అని నాకు ఒకటే భయం. భయపడతానే నా చీరకొంగు పళ్ళతో చించి, ముడికి మూరెడు ఇవతల కడితి.

అది చూసి నా తోడికోడలు బిందె తీసుకోనింది. ఎప్పుడూ ఎక్కని మనిషి, కొడుకు భుజం పట్టుకోని పైకెక్కింది.

"అక్కా, లోపల పండుకో."

పండుకుంటి. పైన తాడు మీద చెంబు నీళ్ళ చప్పుడు.

"పడిందా?"

"పడలే."

"నిజం చెప్పక్కా, మర్యాదకు చెప్పొద్దు."

ఆ మాట ఆయనది. చినిగిన కొంగు ముఖం మీదికి లాక్కుంటి. పిల్లోడే లోపలికి తొంగి చూసి, చేత్తో నేల తడిమి, "పొడిగా ఉండాదమ్మా, దిగు" అన్నాడు. ఆమె దిగినంక పిల్లోడు ఇంక బండి అమ్మే మాట ఎత్తలే. టెంపో చక్రాలకు గాలి చూసుకుంటా పోయినాడు.

ఇది రాస్తాంటే బయట తుంపర పడతాంది. నా చీరపీలిక కొసన చుక్క నిండుతాంది, నేల మీద పడతాంది, మళ్ళీ నిండుతాంది. నేను లేసి లేసి లోపల చూసొస్తాండా. పిల్లలు పొడిగానే ఉండాయి.

ఆయన ఆ పొద్దు టీ తాగి కూర్చున్న పెనుకొండ చేనుకే ముందు పోతాండాం. రైతు ఒప్పుకున్నాడు. మీరూ ఆడికి రండి, ఆయన పేరు చెప్పి తలా ఒక గ్లాసు టీ తాగిపోదురు. మోకాళ్ళ నొప్పోళ్ళు బస్సు దిగి నడవద్దండి, పిల్లోణ్ణి టెంపో ఇచ్చి పంపిస్తా. అమావాస్య అయినంక వచ్చే మొదటి సోమవారం, పొద్దున్నే.