రేగొండ టేపులో మూడో మనిషి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. వాటికీ నామీద ఏ అభిప్రాయమూ ఉన్నట్టు లేదు. ఇంతవరకు ఒక్కటీ పలకరించలేదు. ఆ మాటకొస్తే, ఆ ఏడాది జనగామలో నన్ను మనుషులూ పెద్దగా పలకరించలేదు.

నాలుగేళ్ళ కిందటి సంగతి. అప్పుడు మనుషుల సంభాషణ మీద పరిశోధన చేస్తున్నాను. ఒక ముచ్చటను టేపు చేసుకొచ్చి, ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాలి. ఎవరు ఎక్కడ ఆగారు, ఎన్ని సెకన్లు ఆగారు, ఎవరి మాట పూర్తికాకముందే ఎవరు అందుకున్నారు, అన్నీ రాయాలి. దగ్గు కూడా వదలకూడదు. ఇరవై నిమిషాల టేపుకు ఇరవై రోజులు పట్టేది. అద్దె గదిలో ఒక్కడినే కూర్చొని ఊళ్ళోవాళ్ళ కబుర్లు వినడానికి డిగ్రీ ఇస్తారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

మా సారుది ఒకటే నియమం: టేపులో పరిశోధకుడి గొంతు వినబడకూడదు. మొదటి రెండు టేపుల్లో నా వాగుడే ఎక్కువుందని కొట్టేశారు. మూడోదీ పోతే సీటు పోతుందన్నారు. మా అన్న తన కిరాణా దుకాణంలో నాకోసం ఒక స్టూలు ఖాళీగా ఉంచాడు.

మూడోది రేగొండలో చేశాను. లచ్చవ్వ అనే ముసలామె, ఒంటరిగా ఉంటుంది. మధ్యాహ్నం పూట, ఇంట్లో మేమిద్దరమే. నర్మెట్ట నుంచి ఎడ్లబండి మీద కాపురానికి వచ్చిన కథ మొదలుపెట్టి, ఆగింది.

"ఊ కొట్టు బిడ్డా."

తల ఊపాను.

"తలకాయ గాదు, నోటితోని. ఊ కొట్టకుంటే కత ఎవలికి చెప్పాలె, గోడకా?"

మా వైపు కథ అడిగి ఊ కొట్టకపోవడమంటే వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోవడమే. అయినా స్టూలు గుర్తొచ్చి, ఆమె పెట్టిన ఉడకబెట్టిన పల్లికాయ ఒలిచి నోటినిండా పోసుకున్నాను. కొంచెంసేపు నన్ను చూసి, తలుపు వైపు తిరిగి కూర్చుంది. తర్వాత కథంతా హాయిగా చెప్పేసింది.

జనగామ వచ్చి టేపు పెడితే, మాటమాటకూ ఊ ఉంది. మగ గొంతు, మెల్లగా.

అలవాటుకొద్దీ నేనే కొట్టానేమో అనుకున్నాను. కానీ ఊ పడుతున్నప్పుడే నేను పల్లీలు నములుతున్న చప్పుడూ ఉంది. నాకున్నది ఒక్క నోరు.

గడియారం పెట్టుకొని సారు నేర్పినట్టే కొలిచాను. కథ కొత్తగా వినేవాడు మాట పూర్తయ్యాక ఊ కొడతాడు. ఈ ఊ ప్రతిసారీ మాట పూర్తికాకముందే పడింది. ఎన్నోసార్లు విన్నవాడు కొట్టే ఊ అది.

ఒక్కచోట మాత్రం పడలేదు. "గప్పుడు వానకాలం" అన్నది లచ్చవ్వ. రెండు సెకన్లు నిశ్శబ్దం. "కాదు కాదు, ఎండకాలమే. ఎడ్లు నీళ్ళు లేకనే కూలబడె." అప్పుడు పడింది ఊ.

ఆ రెండు సెకన్లూ ఆమె తలుపు వైపు చూడటం నేను కళ్ళారా చూశాను. ఊ మాత్రం ఆ రోజు నాకు వినబడలేదు.

మళ్ళీ రేగొండ పోయి ఆమెకు వినిపించాను. "మల్ల పెట్టు" అన్నది. మళ్ళీ పెట్టాను. మూడోసారికి టేపురికార్డరులో సెల్లులు నీరసించి గొంతులు సాగడం మొదలైంది.

"ముసలాయన గిట్లనే కొట్టేటోడు" అన్నది. "పోయి పదేండ్లాయె."

"భయమైతలేదా అవ్వా?"

"భయమేంది? నువ్వు కొట్టకపోతివి. ఎవలో ఒకలు కొట్టాలె గద."

సారు కాగితాలు చూసి, "ఏమయ్యా, మళ్ళీ నోరు ఆగలేదా?" అన్నారు. నేను కాదన్నాను. అయితే ఆ గొంతు ఎవరిదో రాయమన్నారు. పేరు గడి ఖాళీగా ఉండకూడదట. 'లచ్చవ్వ భర్త, రైతు' అని రాశాను. వయసు గడి వదిలేశాను. పోయినప్పటి వయసు రాయాలో, ఇప్పటిది రాయాలో తెలియలేదు.

"వినడం ఈయన దగ్గర నేర్చుకో" అన్నారు సారు. టేపు నెగ్గింది, డిగ్రీ వచ్చింది. ఆ ఊ ఎక్కడిదో నేను ఇప్పటికీ చెప్పలేను.

గది ఖాళీ చేసే ముందు, ఈ సంగతంతా ఒక్కడినే కూర్చొని పైకి చెప్పి చూశాను. ఆగవలసిన చోటల్లా ఆగాను, గడియారం ముందు పెట్టుకొని. ఎవరూ ఊ కొట్టలేదు.