మూడు దమ్ముల దూరం

మా వియ్యంకుడు పోయాడన్న మాట చెవిన పడినప్పుడు నా ఒళ్లో మూడు రోజుల మనవరాలు ఉంది. ముంబైలో ఆస్పత్రి గది తలుపు దగ్గర నిలబడి మా అల్లుడు రమ్మని సైగ చేశాడు. పిల్లను ఎత్తుకునే వెళ్లాను.

"మామా, బాపు పోయిండు. పొద్దుగాల పసుపు కల్లంల కూలవడ్డడట. దవఖానకు తీస్కపోయేదాక గూడ ఆగలే" అన్నాడు.

నేను అరవబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల మంచం మీద నా బిడ్డ ఉంది. కాన్పు కష్టమైంది, బీపీ దిగడం లేదు, చెడ్డ కబురేదీ చెవిన వేయొద్దని డాక్టరమ్మ ముందు రోజే గట్టిగా చెప్పింది.

"నువ్వీడనే ఉండు మామా. దానికి తెల్వనియ్యకు. పదకొండో దినం అయినంక నేనొస్త" అని అల్లుడు అటు నుంచి అటే రైలుకు వెళ్లిపోయాడు. నేను గదిలోకి వెళ్లాను.

"ఏమంటుండు బాపూ?" అని బిడ్డ అడిగింది.

"ఆఫీసు పని మీద పుణె పోతుండట బిడ్డా. పది పన్నెండు దినాలట."

నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు ఎక్కడి నుంచి తెచ్చానో ఇప్పటికీ తెలియదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాను. మందమర్రి బొగ్గు బాయిలో దిగి బతికినవాణ్ని. అయినా ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పుకోకుంటే నా గుండె బరువు దిగదు. ఆయనది నిర్మల్ దగ్గర పల్లె, పసుపు రైతు. మా వియ్యపురాలు కాలం చేశాక కొడుకు దగ్గరికి, ముంబై శివారులో సముద్రం ఒడ్డుకు వచ్చాడు. ఆదిలాబాద్ దిక్కు మనిషి కాబట్టి మరాఠీ నోట్లోనే ఉండేది. వచ్చిన వారానికే ఆ వాడలో చేపలమ్మే ఆడవాళ్లందరికీ ఆయన ఆజోబా అయ్యాడు. తాత అన్నమాట.

నేను మొదటిసారి అక్కడికి పోయినప్పటి సంగతి చెప్తే మీరూ నవ్వుతారు. మా దిక్కు పెద్ద చెరువును కూడా సముద్రమే అంటాం. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటును మత్తడి అంటాం. ఒడ్డున నిలబడి చూసి, "ఇంత పెద్ద సముద్రానికి మత్తడి ఏడున్నది బావా?" అని అడిగాను. ఆయన నవ్వి నవ్వి ఇసుకలో కూర్చున్నాడు. అప్పటి నుంచి ఎవరు ఎదురైనా అదే మాట. "మా బొగ్గుబాయి బావ వచ్చిండు. మత్తడి దేవులాడుతుండు, జర చూపియ్యిండ్రి."

నేను మాత్రం ఊరుకుంటానా? "పసుపు పండిచ్చి పండిచ్చి నీ మొఖమే పచ్చవడ్డది బావా" అనేవాణ్ని.

"నీది నల్లవడ్డది గదా! చూడు, మనవడో మనవరాలో, నా పోలికెనే పుడ్తది."

అలా అనడానికి ఆయనకు ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నా బిడ్డకు అప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచినప్పుడు రోజూ కొద్దికొద్దిగా నడవమన్నారు. నడిపించింది ఆయనే. ఇంటి గేటు ఎదురుగా సిమెంటు గద్దె మీద ఒక పాత సిలువ ఉంది. అది దాటితే చేపలు ఎండేసే వెదురు దండేలు, ఆ తర్వాత సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లబండ. అంతే దూరం. నేనైతే బీడీ ఆరేలోగా పోయి వస్తాను. వాళ్లిద్దరికీ గంట పట్టేది. ఆగి ఊపిరి తీసుకునే చోటును ఆయన దమ్ము అనేవాడు. సిలువ మొదటి దమ్ము, దండేలు రెండో దమ్ము, బండ మూడోది. ఒక్కో దమ్ము దగ్గర కోడలిని కూర్చోబెట్టి తాను గొడుగు పట్టుకుని నిలబడేవాడు. చేతిరుమాలు ముడిలో బెల్లం ముక్క ఉండేది.

"ఇంకొంచెం నడుస్త మామా, ఏం గాలే" అని బిడ్డ అంటే, "నడిచేటందుకు రాలే బిడ్డా, కూసుండెటందుకు వచ్చినం" అనేవాడు.

దండేల దగ్గర చేపలామె ఒకసారి నీ కోడలా అని అడిగితే, "సూన్ నాహీ, ముల్గీ ఆహే" అన్నాడట. కోడలు కాదు, బిడ్డ అని. ఆ మాట నా బిడ్డ ఫోన్లో చెప్తుంటే మందమర్రిలో నేనూ నా భార్యా ఒకరి మొఖం ఒకరం చూసుకుని ఏడ్చాం. ఆడపిల్ల తండ్రికి ఇంకేం కావాలి!

నెలలు నిండే ముందు ఆయన ఊరికి బయలుదేరాడు. బాలింతకు దుకాణం పసుపు పనికిరాదని, చేలో పసుపు ఉడికించి పట్టుకొస్తానని. "ఇరువై దినాలల్ల వస్త. పిల్ల నేనొచ్చేదాక ఆగుతది, చెప్పిన" అన్నాడు. పిల్ల ఆగలేదు. పుట్టిన రోజు నేనే ఫోను చేశాను. ఆయనది బటన్ల ఫోను, బొమ్మ కనబడదు.

"ఎవల పోలికె బావా? నిజం చెప్పు."

"నా పోలికెనే. పక్కా బొగ్గుబాయి."

"అబద్ధం! నేనొచ్చి చూస్త ఆగు" అని అటు నుంచి ఒకటే నవ్వు.

అదే ఆఖరి మాట. ముక్కు ఆయనదే. పుట్టగానే చూశాను, అచ్చం ఆయన ముక్కే. వచ్చి చూసుకుంటాడులే అని చెప్పలేదు. ఒక్క మాట. అది చెప్పి ఉంటే ఆయన మూడు రోజులు ఆ ముక్కును తలుచుకుని ఎంత మురిసిపోయేవాడో!

దహనం జరిగిన సాయంత్రం నేను ముంబైలోనే ఉన్నాను. ఆస్పత్రిలో బిడ్డ దగ్గర నా భార్యను ఉంచి ఇంటికి వచ్చి, వాళ్లిద్దరూ నడిచిన దారిన పడి నడిచాను. మా దిక్కు పాడెను వల్లకాటికి తీసుకుపోతూ నడుమ ఒక చోట దింపుతారు. దింపుడు కల్లం అంటారు. పలుకుతాడేమోనన్న ఆశతో దగ్గరివాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. అక్కడ ఉంటే వియ్యంకుడిగా నేనూ వంగేవాణ్ని. దండేల దగ్గర ఆగి, ఆయన గొడుగు పట్టుకుని నిలబడే చోట వంగి, "బావా, బావా, బావా" అన్నాను. చేపలామె గంప నెత్తిన పెట్టుకుని వస్తూ, "ఆజోబా కుఠే?" అని అడిగింది. తాత ఎక్కడ అని. నాకు జవాబు చెప్పే భాష రాదు. చెయ్యి పైకి చూపించాను. ఆమె గంప దింపి, కొంగు నెత్తిన కప్పుకుని అక్కడే కూర్చుంది.

బిడ్డను ఆస్పత్రి నుంచి తెచ్చాక ఇంట్లో మాత్రం నవ్వే. పిల్ల ఆవులిస్తే నిజంగానే నవ్వు వచ్చేది, ఆ వెంటనే సిగ్గు వేసేది. నా భార్య వంటింట్లో గొణిగేది, "ఏడుపు మొఖం వెట్టకు, పసిగడ్తది." రోజూ బిడ్డ అడిగేది, "మామ ఏం చేస్తుండట?" రోజూ అదే చెప్పేవాణ్ని, "పసుపు ఉడకవెడుతుండు బిడ్డా. ఊర్ల సిగ్నల్ లేదు." అలా చెప్తున్నంత సేపు నా కళ్లకు ఆయన పొగలో నిలబడి కనబడేవాడు.

పన్నెండో రోజు అల్లుడు వస్తున్నాడు. గుండుతో వస్తాడు. తలుపు తీసి ఆ గుండు చూసి నా బిడ్డ కూలిపోకూడదు. ముందే నేను చెప్పాలి. బీపీ దిగింది, ఇంటి ముందు నాలుగడుగులు వేయొచ్చన్నారు. పిల్లను నా భార్య దగ్గర పడుకోబెట్టాం. "పచ్చి బాలింతను గాలికి తిప్పుతవా?" అని ఆమె తిడుతున్నా వినకుండా, బిడ్డ చెయ్యి పట్టుకుని సిలువ దాకా తీసుకుపోయాను. గద్దె మీద కూర్చుంది. నేను నిలబడ్డాను.

"బాపూ, పసుపు ఎన్ని దినాలు ఉడుకుతది?" అంది.

నేను బొగ్గు తవ్వినవాణ్ని, నాకేం తెలుసు.

"పెండ్లయినంక రెండు పంటలు నేను ఆ కల్లంల ఉన్న. రెండు దినాలకంటె ఎక్కువ ఉడకది బాపూ. ఆరవోసుడే పదిహేను దినాలు. ఆరవోస్తుండు అని చెప్పినా నమ్మేదాన్ని."

"ఎప్పుడు తెలిసింది బిడ్డా?"

"మూడో దినం గూడ ఉడకవెడుతుండు అన్నవు గదా, అప్పుడే."

"మరి అడగలేదేం?"

"నువ్వంత నవ్వుతుంటివి. ఎట్ల అడుగుత?"

అన్ని రోజులు ఒంటరిగా తనలో దాచుకుని నా బిడ్డ పాలిచ్చింది. నేను దాని కోసం నవ్వాను, అది నా కోసం నమ్మినట్టు నటించింది. ఆయన ఉంటే మా ఇద్దరినీ తిట్టేవాడు. "ముక్కు ఆయనదే బిడ్డా, ఆయనకు చెప్పలే" అని అప్పుడు ఏడ్చాను, చిన్న పిల్లవాడిలా ఏడ్చాను. బిడ్డ నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. అల్లుడు దిగాడు. ఆ ఎండలో చెవుల దాకా ఉన్ని టోపీ. మమ్మల్ని చూసి గతుక్కుమని, "పుణెల సలి మస్తున్నది" అన్నాడు.

నా బిడ్డ గద్దె పట్టుకుని మెల్లగా లేచింది. నాలుగడుగులు వేసి అతని ముందు నిలబడింది. టోపీ తీసి, ఆ గుండు మీద అరచెయ్యి పెట్టింది. అతను తలవంచాడు, అలాగే ఉండిపోయాడు. గంపలతో గలగలా మాట్లాడుకుంటూ వస్తున్న చేపలాడవాళ్లు వాళ్లను చూసి నోళ్లు మూసుకుని, రోడ్డు దిగి పక్క నుంచి వెళ్లారు. బిడ్డ చెయ్యి తీయలేదు.